ఊళ్లో కులం, పట్నంలో మతం: ఇందూరు–బోధన్ పరిశోధనలపై ఒక సమీక్ష

ఇందూరు అని పాత పేరున్న నిజామాబాద్ జిల్లా ఊళ్లలో తిరిగేవాళ్లకు ‘సర్వసమాజ్’ అనే మాట చెవిన పడకుండా ఉండదు. పండుగకు ఇంటికెంత చందా వేయాలి, చెరువులో చేపలు ఎవరికి వేలం పోవాలి, గుడికి సున్నం ఎప్పుడు కొట్టించాలి, ఫలానా ఇంటితో మాటలు ఉండాలా వద్దా, వీటన్నిటికీ సర్వసమాజ్ కూర్చుంటుంది. పేరులో మొత్తం సమాజం ఉంది. కూర్చునేది మాత్రం కులానికి ఒకరో ఇద్దరో.

ఈ ప్రాంతంలో మతానికీ సమాజానికీ రాజకీయానికీ ఉన్న లంకె గురించి వందేళ్లుగా చదువుకున్నవాళ్లు రాస్తూనే ఉన్నారు. శాసనాలు చదివినవాళ్లు, నిజాం పాలనను తవ్వినవాళ్లు, చర్చిల లెక్క తీసినవాళ్లు, ఓట్లు కూడినవాళ్లు, ఎవరి పని వాళ్లు బాగానే చేశారు. చిక్కల్లా ఎవరి గది వారిదే కావడం. దేవల్ మసీదు మీద రాసినవాళ్ల పుస్తకంలో చెరకు ఉండదు. చెరకు మీద రాసినవాళ్లకు పీర్ల చావడి కనిపించదు. ఎన్నికల పండితులకు రెండూ అక్కర్లేదు. ఆ గదులన్నీ ఒకసారి తిరిగి చూశాక నాకు తోచిందేమిటంటే, ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న హిందువులూ ముస్లింలూ ఎలా ఉన్నారన్నది కాదు. ఒకే కుటుంబాన్ని ఊరు ఒక కులంగా లెక్కపెడుతుంది, పట్నం ఒక మతంగా లెక్కపెడుతుంది. ఈ రెండు లెక్కల మధ్య ప్రయాణం ఎప్పుడు, ఎలా జరుగుతోంది అన్నదే అసలు ప్రశ్న.

బోధన్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే పరిశోధనలూ అక్కడే మొదలయ్యాయి. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోతన ఇదేనని చాలామంది చరిత్రకారుల మాట. వేములవాడ చాళుక్యుల పోదన కూడా ఇదే. వాళ్ల యుద్ధమల్లుడు ఇక్కడ ఏనుగులకు నూనె బావిలో స్నానం చేయించాడని శాసనం గొప్పగా చెప్పుకుంది. ఆ నూనె ఏ గానుగలవాళ్లు ఆడారో శాసనం చెప్పదు, చెబుతుందని ఎవరూ ఆశించరు కూడా. జైనులకు ఇది బాహుబలి పోదనపురం. ఊళ్లో ముసలివాళ్లను అడిగితే బకాసురుణ్ని భీముడు చంపిన ఏకచక్రపురం. ఇన్ని పేర్ల కింద ఉన్న ఊరికి ఇప్పుడు బయట తెలిసిన గుర్తు ఒకటే, దేవల్ మసీదు. పేరులోనే గుడి (దేవల్), మసీదు రెండూ ఉన్నాయి. క్రీ.శ. 1056 నాటి చాళుక్య శాసనం ఒకటి, రాష్ట్రకూట 3వ ఇంద్రుడు కట్టించిన ఇంద్రనారాయణ ఆలయాన్ని జోగపయ్య అనే అధికారి బాగు చేయించాడని చెబుతుంది. ఆ గుడే ఈ కట్టడం అనేవాళ్లున్నారు, కాదు ఇది జైనాలయం అనేవాళ్లూ ఉన్నారు. 14వ శతాబ్దంలో తుగ్లక్‌ల కాలంలో మసీదయింది. ఆ కాలపు పారశీక శాసనాలను హైదరాబాద్ పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ 1919–20 నాటి ‘ఎపిగ్రాఫియా ఇండో–మొస్లెమికా’లో అచ్చు వేశాడు. ముస్లిం ప్రభువు కొలువులో ఉన్న ముస్లిం పండితుడు, గుడి మసీదైన సంగతిని దాచకుండా, ఆవేశపడకుండా నమోదు చేసి పక్కకు జరిగాడు. ఈ రోజు రెండు పక్షాలవాళ్లూ ఎత్తి చూపే ఆధారం ఆయన పెట్టిందే.

రిచర్డ్ ఈటన్ 2000లో ఆలయ విధ్వంసం మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో 1192 నుంచి 1729 దాకా ఆధారం దొరికిన 80 సంఘటనల పట్టిక వేశాడు. ఓరుగల్లు, పిల్లలమర్రిలతో పాటు బోధన్ కూడా అందులో ఉంది. రాజు అధికారం గుడితో ముడిపడి ఉన్నచోట, రాజును ఓడించినవాడు ఆ గుడినీ దెబ్బతీశాడు, దాడులు రాజ్యం విస్తరిస్తున్న అంచుల్లోనే గుమిగూడాయి అని ఆయన వాదన. ఎదుటివాళ్ల లెక్క వేలల్లో ఉంటుంది కాబట్టి ఈ 80 మీద ఇరవై అయిదేళ్లుగా వాదులాట సాగుతూనే ఉంది. తర్వాత ఫిలిప్ వాగనర్‌తో కలిసి 2014లో తెచ్చిన దక్కన్ పుస్తకం ఆ చర్చను అధికారం, జ్ఞాపకం, కట్టడం అనే మూడింటి చుట్టూ మరింత లోతుకు తీసుకెళ్లింది. నాకు ఈటన్ వాదన చాలావరకు నచ్చుతుంది. అయితే అది రాజులకు సంబంధించిన జవాబు. 1323 ప్రాంతంలో ఏం జరిగిందో చెబుతుంది, యజ్దానీ 1920 ప్రాంతంలో వచ్చి రాళ్లు చదివే దాకా నడుమ ఉన్న ఆరు వందల ఏళ్లలో ఆ వాకిలి ఎవరు ఊడ్చారు, ఎవరు నమాజుకు వచ్చారు, పక్క వీధివాళ్లు దాన్ని ఏమని పిలిచారు అన్నది అడగదు. ‘దేవల్’ అన్న పేరు నిలిచి ఉండటమే ఆ ఆరు వందల ఏళ్లకు సాక్ష్యం. మసీదుకు గుడి పేరు చెరపాలని అప్పటివాళ్లకు తోచలేదు.

ఇక రెండో గది, నిజాం రాజ్యం. ఇక్కడ పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. 1930ల దాకా మత కలహాలు తక్కువగా ఉన్న సంస్థానంలో ఆ దశాబ్దంలోనే ఎందుకు పెరిగాయి అని ఇయాన్ కోప్లాండ్ 1988లో అడిగాడు. లూసియన్ బెనిషూ 1938–48 మధ్య రాజకీయాన్ని తవ్వాడు. కవితా దాట్ల ఉస్మానియాలో ఉర్దూను చదువుల భాషగా చేసిన ప్రయత్నాన్ని మతంతో కాక జాతి ఊహతో ముడిపెట్టి చదివింది. ఇనుకొండ తిరుమలి గడిని, దొరను తెలంగాణ చరిత్ర నడిమధ్యకు తెచ్చాడు. అన్నీ ముఖ్యమైనవే. అన్నిట్లోనూ నిజామాబాద్ దారిలో వచ్చే స్టేషను. రైలు ఆగుతుంది, ఒకరిద్దరు దిగుతారు, కదులుతుంది. 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆంధ్రమహాసభ ఇక్కడ జరిగిందని ఒక వాక్యం, దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి ఇందూరు ఖిల్లా జైలులో ఉన్నారని మరో వాక్యం. ఆ ఖిల్లా మీద రఘునాథాలయం, అదే గోడల్లో నిజాం జైలు అన్న సంగతికి మన సాహిత్య చరిత్రలు ఇచ్చిన చోటులో సగం కూడా రాజకీయ చరిత్రలు ఇవ్వలేదు.

1948 గురించి మాత్రం కాస్త ఆగాలి. సంస్థానాన్ని భారతదేశంలో కలిపిన పోలీసు చర్య తర్వాత జరిగిన హింసను చూసి రమ్మని పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం, సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 తిరిగి, మొత్తం మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉండొచ్చని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నాయని, తర్వాత ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ అని రాసింది. పటం ముందేసుకుని చూడండి. నాందేడ్‌కూ మెదక్‌కూ నడుమ ఉన్నది నిజామాబాద్. ఆ ఎనిమిది పేర్లలో అది లేదు. ఇక్కడ ఏమీ జరగలేదని దీనర్థం కాదు. కానీ ఎడమ పక్కా కుడి పక్కా కాలినప్పుడు నడుమ ఇల్లు తక్కువ కాలితే ఎందుకని అడగాలి కదా. నీళ్లున్న జిల్లా, నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉన్న జిల్లా, బయటి నుంచి వచ్చిన రైతులతో ఊళ్ల పొందిక అప్పటికే మారిపోయిన జిల్లా. జవాబు వీటిలో ఎక్కడైనా ఉండొచ్చు. ఎ.జి. నూరానీ 2013లో తన పుస్తకంతో పాటు ఆ నివేదికను అందరి ముందుకూ తెచ్చాడు. అఫ్సర్ మహమ్మద్ 2023లో పోలీసు చర్యను హైదరాబాద్ ముస్లింల జ్ఞాపకాల్లో, ఉర్దూ–తెలుగు రాతల్లో వెతికాడు. ఆ పద్ధతిని మంజీర ఒడ్డుకు తెచ్చి, బోధన్, రెంజల్, కోటగిరి ఊళ్లలో తాతల మాటలు కూడబెట్టేందుకు ఇక ఎక్కువ కాలం మిగల్లేదు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెరకు దగ్గరికి వెళ్దాం. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. అలీ నవాజ్ జంగ్ రూపకల్పన. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని లక్ష్యం. కాలువ వచ్చింది కానీ మెట్ట సేద్యానికి అలవాటుపడ్డ రైతు రాత్రికి రాత్రి మాగాణి రైతు కాలేడు. కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు నుంచి రైతులు వచ్చారు. వర్ని, కోటగిరి, రుద్రూర్, బోధన్ వైపు ఊరి పేరు చివర ‘క్యాంపు’ అని తగిలించుకున్న పల్లెలన్నీ వాళ్లవే. ముస్లిం ప్రభువు తవ్వించిన కాలువ కింద, తీరాంధ్ర నుంచి వచ్చిన హిందూ రైతు, స్థానిక మాల మాదిగ, లంబాడా కూలీలతో వరి, చెరకు పండించాడు. ఈ ఒక్క వాక్యంలో మతం, కులం, ప్రాంతం మూడూ ఉన్నాయి. అయినా మన పరిశోధనలో మొదటిది చరిత్ర శాఖకు, రెండోది సమాజశాస్త్రానికి, మూడోది తెలంగాణ ఉద్యమ సాహిత్యానికి పంచేశారు. క్యాంపుల్లో కొత్తగా లేచిన రామాలయాలు పాత ఊరి పోచమ్మతో, పీర్ల చావడితో ఎలా సర్దుకున్నాయన్నది మూడు శాఖలకూ నడుమ జారిపోయింది. తెలంగాణ ఉద్యమం నడిచిన 1969లోనూ 2009 నుంచి 2014 దాకానూ ఈ ఊళ్లలో గీత పడింది స్థానికుడికీ ‘సెటిలర్’కీ నడుమ. ఆ ఏళ్లలో మతం గీత చాలావరకు వెనక్కి తగ్గింది. ఒక గీత గట్టిపడినప్పుడు మరొకటి పలచబడుతుందా అన్నది తేల్చి చూడటానికి ఇంతకన్నా మంచి చోటు తెలంగాణలో దొరకదు.

నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937–38లో వచ్చింది. ఊరి పేరే చక్కెర. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు చెప్పుకునేవాళ్లు. వేల ఎకరాల సొంత చెరకు క్షేత్రాలు, క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, క్లబ్బు ఉన్న ఒక చిన్న రాజ్యం అది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్ 23న బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ వైపు యూనిట్లూ మూతపడ్డాయి. దీన్ని పరిశ్రమల కథగా, ప్రైవేటీకరణ కథగా రాసినవాళ్లు చాలామంది. అశుతోష్ వార్ష్నే 2002లో భారతీయ నగరాల్లో హిందూ–ముస్లిం హింసపై రాసిన పుస్తకం తీసుకొచ్చి ఈ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబెడితే కథ వేరేగా కనిపిస్తుంది. ఇరుగుపొరుగు పలకరింపులు చాలవు, యూనియన్లు, వ్యాపార సంఘాలు, పార్టీ శాఖల్లాంటి చోట్ల రెండు మతాలవాళ్లూ ఒకే రిజిస్టరులో ఉన్న నగరాలే గొడవ వచ్చినప్పుడు తట్టుకున్నాయన్నది ఆయన వాదన. హైదరాబాద్‌ను లక్నోతో పోల్చి చూపించాడు. లక్ష జనాభా కూడా లేని బోధన్ లాంటి పట్నానికి ఆయన కొలత ఎంత సరిపోతుందో పరీక్షించాలంటే, క్రషింగ్ సీజనులో ఒకే సైరన్‌కు లేచి ఒకే షిఫ్టుకు వెళ్లిన శక్కర్‌నగర్ కన్నా మంచి ఉదాహరణ ఉండదు. 2022 మార్చిలో అంబేద్కర్ చౌరస్తాలో శివాజీ విగ్రహం విషయంలో బోధన్‌లో ఉద్రిక్తత తలెత్తింది, పోలీసులు బాష్పవాయువు వాడారు, 144 సెక్షన్ పెట్టారు. ఫ్యాక్టరీ మూతపడటానికీ దీనికీ నేరుగా గీత గీయడం తొందరపాటు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లోనూ ఇక్కడంతా పాలూ నీళ్లూ కాదు. కానీ గొడవ రోజు సాయంత్రం రెండు పక్షాలనూ ఒక గదిలో కూర్చోబెట్టగల మనిషి ఎవరు, ఆ మనిషి ఏ సంస్థ నుంచి వస్తాడు అన్నది తేలికైన ప్రశ్న కాదు. యూనియన్ ఆఫీసు తాళం వేసి ఉన్న ఊళ్లో ఆ పని పోలీసు శాంతి కమిటీ మీద పడుతుంది.

క్రైస్తవం దగ్గరికి వచ్చేసరికి పరిశోధన పద్ధతి ఒక్కసారి మెరుగవుతుంది. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి కథ ఈ జిల్లాలో చాలామందికి తెలుసు. వెస్లియన్ మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ నిజామాబాద్‌లో మొదలుపెట్టిన సేవ, 1915కు డిచ్‌పల్లిలో పెద్ద ఆసుపత్రి అయింది. దానికి డబ్బిచ్చిన పెద్ద దాత రాజా నర్సాగౌడ్. తెల్లదొరసాని వైద్యం, గౌడ దాత డబ్బు, ముస్లిం ప్రభుత్వం అండ. ఇంత కలగలుపు ఉన్నచోట ‘మత సామరస్యం’ అని ఒక ముద్ర కొట్టి వదిలేయడం మనకు అలవాటు. పక్కనున్న మెదక్ డయోసిస్ పల్లెల్లో పి.వై. లూక్, జాన్ కార్మన్ చేసిన పని ఆ అలవాటుకు విరుగుడు. 1959లో వడియారం వైపు పల్లెల్లో తిరిగి, మాల మాదిగ క్రైస్తవులు ఆదివారం చర్చికి వెళ్లి, మంగళవారం పోచమ్మకు ఏం చేశారో, పెళ్లికి ఎవరిని పిలిచారో, ఎందుకు పిలిచారో దాపరికం లేకుండా 1968 నాటి పుస్తకంలో రాశారు. యాభై ఏళ్ల తర్వాత కార్మన్, చిల్కూరి వసంతరావు కలిసి అవే పల్లెలకు మళ్లీ వెళ్లారు. 2014లో వచ్చిన ఆ పుస్తకం కొన్ని సంఘాలు తరిగిపోవడాన్నీ, కొన్ని కొత్తగా పుంజుకోవడాన్నీ చెబుతుంది. ఒకే ఊరికి రెండుసార్లు వెళ్లిన పరిశోధన అంటే నాకు అందుకే గౌరవం. డిచ్‌పల్లిలో 2006 నుంచి తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. ఆసుపత్రికి కూతవేటు దూరం. అలాంటి పని మొదలుపెట్టడానికి విమానం ఎక్కనక్కర్లేదు.

పీర్ల పండుగ మీద అఫ్సర్ 2013 పుస్తకం అనంతపురం గూగూడు గురించే కానీ, ఇక్కడి పీర్ల చావడులు చూసినవాళ్లకు పరాయిగా అనిపించదు. ఒకటే తేడా. అఫ్సర్ చూసింది భక్తి. పీరు ఎత్తేవాడు ఏ కులం, డప్పు కొట్టేవాడు ఏ కులం, చావడి ఖర్చు ఎవరు పెట్టారు అని అడిగితే ఇందూరు పల్లెల్లో సమాధానం మళ్లీ సర్వసమాజ్ దగ్గరికే వస్తుంది.

ఇక ఆ సర్వసమాజ్ కుర్చీల సంగతి. గ్రామాభివృద్ధి కమిటీ, వీడీసీ అని అందరూ పిలిచేది దీన్నే. ఆర్మూర్, బాల్కొండ వైపు నుంచి నిర్మల్ దాకా దీని పట్టు గట్టిది. చట్టంలో దీనికి చోటు లేదు. పంచాయతీ ఉన్నా, సర్పంచ్ ఉన్నా, ఊరి అసలు పద్దు కమిటీ చేతిలో ఉంటుంది. చేపలు, ఇసుక, కల్లు, చికెన్ దుకాణం, బెల్టు షాపు దాకా వేలం వేస్తారు. వచ్చిన సొమ్ముతో గుడి కడతారు, బడికి గోడ లేపుతారు, సీసీ కెమెరాలు పెడతారు, పండుగ చేస్తారు. నిజం చెప్పాలంటే ప్రభుత్వం చేయని పనులు చాలా ఊళ్లలో ఇవే చేశాయి. అంకాపూర్ లాంటి ఊళ్ల పేరు రాష్ట్రమంతా మోగడంలో ఈ కట్టుబాటుకూ వాటా ఉంది. రెండో ముఖం అందరికీ తెలిసిందే. మాట వినని ఇంటికి ‘తప్పు’ వేస్తారు. కట్టకపోతే చాటింపు. కిరాణంలో ఉప్పు ఇవ్వరు, హోటల్లో చాయ్ పోయరు, కూలికి పిలవరు, మంగలి గడ్డం గీయడు, వాళ్లతో మాట్లాడినవాడికీ జరిమానా. దళితుల మీద పడ్డ బహిష్కరణలు చాలాసార్లు పోలీసు స్టేషన్ల దాకా, కోర్టుల దాకా వెళ్లాయి. అడిగినంత కట్టలేదని గీత కులస్తుల్ని వెలివేసిన ఊళ్ల వార్తలు ఇటీవలి ఏళ్లలో తరచుగా వస్తున్నాయి.

ఇందులో మతం ఎక్కడుంది అంటారా? డబ్బులో ఉంది. అడిగేది గుడి పేరుతో, పండుగ పేరుతో. ఇవ్వనివాడు ఊరికి మాత్రమే కాదు, దేవుడికీ బాకీ పడతాడు. చందా పుస్తకం ఇక్కడ భక్తికీ పన్నుకూ నడుమ హద్దు చెరిపేస్తుంది. క్రైస్తవుడైన మాల ఇంటి నుంచి బోనాలకు చందా వసూలు చేయొచ్చా, ముస్లిం ఇంటికి వినాయకుడి చందా వేస్తారా, పీర్ల చావడికి కమిటీ డబ్బు వెళ్తుందా? ఊరికో తీరు. కొన్ని ఊళ్లలో సర్వసమాజ్‌లో ముస్లింలకూ ఒక కుర్చీ ఉంటుంది, చాకలికి, మంగలికి, గొల్లకు ఉన్నట్టే. అక్కడ వాళ్లు మతం కాదు, పద్దెనిమిది కులాల్లో ఒక కులం. మన ప్రభుత్వం కూడా ఒక రకంగా ఇదే లెక్క ఒప్పుకుంది. 2007 చట్టం ముస్లింలలో 14 వర్గాలకు బీసీ–ఈ కింద 4 శాతం ఇచ్చింది, మతంగా కాదు, వెనుకబడిన వర్గాలుగా. 2016లో జి. సుధీర్ కమిషన్ తెలంగాణ ముస్లింల స్థితిగతులపై నివేదిక ఇచ్చింది, మరుసటి ఏడు శాసనసభ ఆ వాటాను 12 శాతానికి పెంచే బిల్లు ఆమోదించింది. అప్పుడు వీధిలో జరిగిన చర్చ అంతా మతం పేరుతోనే. కాగితం మీద కులం, మైకులో మతం.

బహిష్కరణ విషయంలో చట్టం ఇచ్చిన రక్ష కూడా ఇక్కడే తేడా చూపిస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 2015 సవరణ తర్వాత సాంఘిక బహిష్కరణను నేరంగా చెబుతుంది. అదే కమిటీ ఒక గౌడ కుటుంబాన్నో, ముదిరాజ్ కుటుంబాన్నో, ముస్లిం కుటుంబాన్నో వెలివేస్తే ఆ చట్టం పనికిరాదు. సాలూర దగ్గర మంజీర దాటితే మహారాష్ట్ర. అక్కడ ఎవరిని వెలివేసినా శిక్షించే 2016 నాటి ప్రత్యేక చట్టం ఉంది. వంతెన ఇటు చివర ఒక న్యాయం, అటు చివర ఒక న్యాయం. ఈ విషయం మీద తెలుగులో వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం హక్కుల సంఘాల నివేదికలు, పత్రికల జిల్లా పేజీలు. వాటి విలువ తక్కువ కాదు. కానీ అవి గొడవ జరిగిన ఊరికే వెళ్తాయి. గొడవ జరగని ఊళ్లో కమిటీ ఎలా నడుస్తుందో చెప్పే పని మిగిలే ఉంది.

ఓట్ల గది గురించి తక్కువే చెబుతాను. అక్కడ మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. నిజామాబాద్ పట్నంలో 2009 ఎన్నికల్లోనూ 2010 ఉప ఎన్నికలోనూ కాంగ్రెస్ నాయకుడు డి. శ్రీనివాస్‌ను ఓడించింది బీజేపీ అభ్యర్థి యెండల లక్ష్మీనారాయణ. 2019 లోక్‌సభకు అదే శ్రీనివాస్ కొడుకు ధర్మపురి అర్వింద్ బీజేపీ నుంచి టీఆర్ఎస్ అభ్యర్థి కవితపై 70,875 ఓట్లతో గెలిచాడు. 2020 కార్పొరేషన్‌లో 60 డివిజన్లకు బీజేపీకి 28, మజ్లిస్‌కు 16, టీఆర్ఎస్‌కు 13. మజ్లిస్ మద్దతుతో టీఆర్ఎస్ మేయర్ పీఠం ఎక్కింది. 2023లో అర్బన్ సీటు మళ్లీ బీజేపీకి. ఈ అంకెలు చూసి పట్నం మతాల వారీగా చీలింది అనేవాళ్లది తప్పు కాదు, తొందర. 2019లో అదే లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీ చేశారు, వాళ్లలో నూటడెబ్బైకి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు. ఊరూరి నుంచి రైతులు వరస కట్టి నామినేషన్లు వేసిన తీరులో నాకు పార్టీ కన్నా కమిటీ క్రమశిక్షణే ఎక్కువ కనిపిస్తుంది. ఊరు ‘పసుపు బోర్డు’ అంది, పట్నం మరో మాట అంది, ఓటు ఒకే పెట్టెలో పడింది. బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్‌లో ప్రారంభమైంది కూడా. ఆ ఫలితాన్ని హిందుత్వ గాలి అని ఒక వ్యాసం, రైతు తిరుగుబాటు అని మరో వ్యాసం రాస్తాయి. ఆర్మూర్ వీడీసీల్లో కూర్చునే మున్నూరుకాపు, రెడ్డి రైతుకు ఆ రెండూ వేరు వేరు మాటలు కాకపోవచ్చు.

ఇంకొకటి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి రెంజల్ మండలంలో ఉంది. ఆరెస్సెస్ స్థాపకుడు హెడ్గేవార్ పూర్వికులది ఆ ఊరే. ఆయన 1889లో పుట్టింది నాగ్‌పూర్‌లో, సంఘం పెట్టింది 1925లో. జీవితచరిత్రలు కందకుర్తిని ఒక వాక్యంలో దాటేస్తాయి. ఆ ఊళ్లో ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆయన పేరుతో నడిచే బడిలో ముస్లిం పిల్లలు చదువుకుంటారని పత్రికలు తరచు ఆశ్చర్యపడుతూ రాస్తాయి. ఊళ్లోవాళ్లకు అందులో ఆశ్చర్యమేమీ లేదు. దగ్గర్లో ఉన్న బడికి పిల్లల్ని పంపారు, అంతే. ఊరి లెక్కకూ పట్నం లెక్కకూ తేడా చూపించడానికి ఇంతకన్నా పెద్ద సిద్ధాంతం నా దగ్గర లేదు.

ఇంతమంది పండితుల్ని తిరగేశాక ఒక లోటు మాత్రం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సర్వసమాజ్‌లో కూర్చునేది మగవాళ్లు. మసీదు కమిటీలో మగవాళ్లు. యూనియన్ నాయకులు, సంఘ పెద్దలు, పరిశోధకుడు వెళ్లి మాట్లాడినవాళ్లు, అందరూ మగవాళ్లే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే అన్నిటికన్నా ఎక్కువ. మగవాళ్లు దుబాయికో, మస్కట్‌కో, బొంబాయికో వెళ్లిన ఇళ్లలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేది ఆడవాళ్లు. పద్మశాలి ఇంట్లో అయినా, ముస్లిం ఇంట్లో అయినా అదే తునికాకు, అదే జర్దా, అదే కత్తెర. సాయంత్రం కట్టలు తీసుకుని ఒకే కార్ఖానా అరుగు మీద కూర్చుంటారు. ఆకు తక్కువ తూచాడనీ, మంచి బీడీల్ని పనికిరాని ‘చాట్’ కింద తీసి పారేశాడనీ ఒకే కమీషన్‌దారును ఒకే భాషలో తిట్టుకుంటారు, సగం తెలుగు, సగం దక్కనీ. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికుల పింఛను జాబితా తయారైంది. ఫర్జానా తర్వాత గంగామణి, గంగామణి తర్వాత షాహీన్, పీఎఫ్ నంబరు వరసలో పేర్లు. ఈ జిల్లాలో రెండు మతాల ఆడవాళ్ల పేర్లు ఊరి వారీగా పక్కపక్కనే రాసి ఉన్న కాగితం అది. పైన చెప్పిన పుస్తకాల్లో ఒక్కటీ దాన్ని తెరవలేదు.